కొడవలూరు హైవే రద్దీ.. రోడ్డు వెడల్పు చేస్తే తీరుతుందా?

నెల్లూరు: చెన్నై-కోల్‌కతా 16వ నంబర్ జాతీయ రహదారి కొడవలూరు మండలం మీదుగానే వెళ్తుంది. దూర ప్రాంతాల లారీలు దూసుకుపోయే ఈ రోడ్డు మీదే ఊళ్ల ఆటోలు, బైకులు, కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్లూ తిరుగుతాయి. వేగంగా వచ్చే లారీ ముందు లైట్లు లేని ట్రాక్టర్ ఉంటే ప్రాణాలకే ముప్పు.

మరి రోడ్డు వెడల్పు చేస్తే సరిపోదా? అదొక్కటే చాలదు. దారి ఖాళీగా కనిపిస్తే కొత్త బండ్లు వచ్చి చేరతాయి. కొన్నాళ్లకు కథ మళ్లీ మొదటికే!

అందుకే ఎవరు, ఏ టైమ్‌లో, దేంట్లో వెళ్తున్నారన్నది చూడాలి. దీన్నే ట్రావెల్ డిమాండ్ మేనేజ్‌మెంట్ అంటారు. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు చేసింది ఇదే. ఐటీ ఉద్యోగులంతా ఒకేసారి రోడ్డెక్కకుండా కొన్ని ఆఫీసులకు మధ్యాహ్నం 3 గంటలకు, మరికొన్నింటికి 4.30కి లాగౌట్ సూచించారు.

కొడవలూరులోనూ ఇది కుదురుతుంది. రాచర్లపాడు సెజ్ షిఫ్టులు, స్కూళ్ల టైమ్ ఒకటి కాకుండా చూడొచ్చు. కార్మికులకు బస్సులు నడిపితే బైకులు తగ్గుతాయి. ధాన్యం ట్రాక్టర్లు రద్దీ లేని పగటి వేళ, సర్వీస్ రోడ్డు ఉన్నచోట దాని మీదే వెళ్తే అందరికీ క్షేమం.