ముఠామేస్త్రికి మంత్రి పదవి... ప్రమోషనా, డిమోషనా?

తెల్లవారుజామున ఆనందపురం కూడలిలో బస్సు దిగితే ముందు పలకరించేది పూల వాసన. విశాఖకు పూలు సరఫరా చేసే మార్కెట్ మరి! ఓ పక్క బంతి, చామంతి మూటల బేరాలు. ఇంకో పక్క టీ బడ్డీ దగ్గర కట్టుబడి కూలీల ఎదురుచూపులు.

"మేస్త్రొచ్చీసినాడేటి?"

"ఇంకా రాలేదురా!"

ఆ 'మేస్త్రి' అన్న మాట చెవినపడితే సినిమా పిచ్చివాళ్ళకి ఏం గుర్తొస్తుంది? ఇంకేముంది, 1993లో కోదండరామిరెడ్డి దర్శకత్వంలో మన చిరంజీవి వేసిన 'ముఠామేస్త్రి'!

ఇంతకీ మేస్త్రి అచ్చ తెలుగు మాటే అనుకుంటున్నారా? కాదు సుమండీ! దాని పుట్టిల్లు రోము నగరం. లాటిన్‌లో 'మాగిస్' అంటే 'ఎక్కువ'. దాంట్లోంచి వచ్చిన 'మాగిస్టర్' అంటే పెద్దవాడు, నేర్పేవాడు. మన 'గురువు'కీ మొదటి అర్థం 'బరువైనవాడు' అనేగా! ఆ మాగిస్టరే పోర్చుగీసు వాళ్ళ నోట 'మెస్త్రె' అయింది. 1498లో వాస్కోడిగామా కేరళ తీరం చేరాక వాళ్ళ ఓడలతో అలమారా, మేజా, పాదిరీ వచ్చినట్టే మెస్త్రె కూడా మన దేశంలో దిగింది. హిందీలో 'మిస్త్రీ' అంటే పనిముట్టు పట్టుకుని స్వయంగా పనిచేసేవాడు. మన దగ్గర మేస్త్రి అంటే పని తెలిసినవాడే కాదు, పదిమంది చేత పని చేయించేవాడు కూడా.

ఇక సినిమా ఫీల్డులో ఈ కుటుంబం ఎంత పెద్దదో చూడండి. డాన్స్ మాస్టరు, ఫైట్ మాస్టరు ఇంగ్లీషు దారిన వచ్చిన తమ్ముళ్ళు. ఇళయరాజాగారిని పిలిచే 'మాస్ట్రో' ఇటలీలో పెరిగిన అన్న. కోర్టు సీన్లో మేజిస్ట్రేటుగారు కూడా ఆ ఇంటివారే! బాపుగారి 'మిస్టర్ పెళ్ళాం'లోని మిస్టరు కూడా మాస్టరు అరిగిపోగా మిగిలిన ముక్కే. అదీ 1993 సినిమానే. 1997లో చిరంజీవి 'మాస్టర్' కూడా వేశారు. అంటే ఒకే మాటకి రెండు వేషాలన్నమాట!

కానీ ఈ మాటకి ఇంకో ముఖం ఉంది. అది సినిమా కాదు. వెనకటి రోజుల్లో కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి మనవాళ్ళు వేలకువేలు 'రంగం' పోయేవారు. రంగమంటే రంగూన్. ఊళ్ళో అడ్వాన్సు చేతిలో పెట్టి, ఓడ ఎక్కించి, బియ్యం మిల్లుల్లో, రేవులో పనికి కుదిర్చేవాడు మేస్త్రి. కూలి డబ్బు అతని చేతి మీదుగానే వచ్చేది. అప్పుకింత, తన వాటాకింత విరిచేసుకోగా మిగిలింది కూలీకి. అప్పు తీరేదాకా ఇంటికి తిరుగు ఓడ ఎక్కడం మాటలా? 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టారు. రాజీ కుదిరి మనవాళ్ళని మళ్ళీ పిలిచేసరికి ఇద్దరి మధ్యా చిచ్చు రేగింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. నేర్పేవాడని అర్థమున్న మాటను ఆ కూలీలు ఎంత భయంగా పలికేవారో!

అన్నట్టు, మాగిస్టర్‌కి లాటిన్‌లోనే ఓ జంట ఉంది. 'మైనస్' అంటే తక్కువ. దాంట్లోంచి వచ్చిన 'మినిస్టర్' అంటే తక్కువవాడు, సేవకుడు! రాజుగారి కొలువులో సేవకుడు పెద్దవాడైపోయాక మంత్రికి ఆ పేరు స్థిరపడింది. మన సినిమాలో హీరో కూరగాయల మార్కెట్లో ముఠామేస్త్రి. ముఖ్యమంత్రి పిలిచి మంత్రిని చేస్తారు. థియేటర్లో మనమంతా ఈలలేశాం, పెద్దవాడయ్యాడని. చివరికి ఆ పదవి వదిలేసి తన మార్కెట్టుకి వచ్చేస్తాడు.

లాటిన్ లెక్కలో అది రాజీనామా కాదు గురూ... ప్రమోషన్!