క్యాంటీన్ కబురు కాగితమెక్కాలి

"ఇద్దరాడవాళ్ళు ఒకచోట చేరితే పని సాగినట్టే" అని ఎద్దేవా చేసేవాళ్ళకి నా దగ్గర ఇప్పుడొక జవాబుంది.

మా ఆడపడుచు కూతురు హైదరాబాద్‌లో ఆస్పత్రి యంత్రాలు తయారుచేసే ఓ కంపెనీలో ఇంజనీరు. యంత్రమంటే ఒక్కరి పని కాదట. పైపెట్టె గీసేది ఒక బృందం, లోపలి వైర్లు చూసేది మరొకటి, ప్రోగ్రాం రాసేది ఇంకొకటి. వారానికోసారి మీటింగు ఉంటుంది. "కానీ అసలు సంగతులు క్యాంటీన్‌లోనే తెలుస్తాయి అత్తయ్యా" అంటుంది. ఓ రోజు టిఫిన్ డబ్బా పంచుకుంటూ పక్క బృందం అమ్మాయి, "పెట్టెకి రంధ్రం అటుపక్కకి జరిపాం" అందట. ఆ మాట చెవిన పడబట్టి, వైర్లు అందకుండా పోయే ప్రమాదం ముందే తప్పింది.

అమెరికాలో ఎం.ఐ.టి. ప్రొఫెసర్ థామస్ అలెన్ ఇంజనీర్ల మాటామంతీ మీదే పరిశోధించి 1977లో పుస్తకం రాశారు. కుర్చీల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు ఇట్టే తగ్గిపోతాయనీ, 50 మీటర్లు దాటితే మరీ అరుదవుతాయనీ తేల్చారు. మన వీధిలోనూ అంతేగా! గోడ పక్కావిడతో ఉన్న చనువు చివరింటావిడతో ఉంటుందా?

అయితే కబురు అందితే చాలదు. 1999 సెప్టెంబరులో అంగారకుణ్ణి చేరుతూనే నాశనమైన ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ సంగతే చూడండి. దాన్ని తయారుచేసిన కొలరాడోలోని కంపెనీ ప్రోగ్రాం, చిన్న ఇంజన్ల తోపుని పౌండ్ల లెక్కన ఇచ్చింది. కాలిఫోర్నియాలో దారి చూసే నాసా బృందం న్యూటన్ల లెక్కనుకుంది. జాకెట్టు కొలత అంగుళాల్లో చెబితే దర్జీ సెంటీమీటర్లనుకున్నట్టు! లెక్కలు పొసగడం లేదని దారి చూసేవాళ్ళకి ముందే అనుమానమొచ్చింది. ఈ-మెయిళ్ళలో అనుకున్నారు గానీ, సమస్యని పద్ధతి ప్రకారం నమోదు చేయలేదు. విచారణ సంఘం తప్పుపట్టినవాటిలో అదొకటి.

మా అమ్మాయికీ అలాంటి దెబ్బే తగిలింది. కిందటేడు టీ తాగుతూ ఓ లోపం గురించి చెప్పి వచ్చింది. విన్నతను "సరే" అన్నాడు, ఆనక వేరే విభాగానికి వెళ్ళిపోయాడు. యంత్రం పరీక్షలో ఆగిపోయాక "మాకెవరూ చెప్పలేదే!" అన్నారు. చెప్పానని చూపించడానికి దీని దగ్గర చిన్న చీటీ కూడా లేదు. ఆ ఏడాది జీతం పెరగలేదు. రంధ్రం సంగతి కనిపెట్టినప్పుడు మాత్రం ఎవరూ మెప్పు రాసుకోలేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

ఇప్పుడు క్యాంటీన్ నుంచి సీటుకి రాగానే "ఇందాక మనం అనుకున్నది ఇదీ, చూడాల్సింది మీరు" అని రెండు వాక్యాలు మెయిల్ పెడుతుందట.

"స్నేహితులు నొచ్చుకోరటే?" అన్నాను.

"మొదట్లో ఒకరిద్దరు ముఖం మాడ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళే ‘మెయిల్ పెట్టావా?’ అనడుగుతున్నారు" అంది.