చెరువు చుట్టూ సైకిలు సవారి

మన యిళ్ళలో సైకిలుకు ఒక విచిత్రమైన జాతకం వున్నది. కొన్న కొత్తలో దానికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, వీధి వీధంతా చూసేటట్టు గంట మోగిస్తారు. పిల్లవాడు కాలేజీలో చేరి మోటారు సైకిలు అడిగిన రోజునుంచి అది మేడమెట్ల కిందికి చేరుతుంది. ఆ తరువాత దానిమీదికి పాత పత్రికల కట్టలు ఎక్కుతాయి, ఆరవేసిన గుడ్డలు ఎక్కుతాయి. మనుషులు మాత్రం ఎక్కరు. ఇటీవల కొన్నేళ్ళుగా డాక్టర్ల పుణ్యమా అని ఆ సైకిళ్ళు మళ్ళీ వీధిలోకి వస్తున్నాయి. నలభై దాటిన గృహస్థుకు రక్తంలో చక్కెర కనిపించడం, వారానికి కనీసం 150 నిమిషాలు వొళ్ళు కదిలించమని డాక్టరు చెప్పడం, ఆదివారం తెల్లవారుజామున ఆయన టైర్లకు గాలి కొట్టుకొని గుమ్మం దిగడం, ఇదీ వరస.

గుమ్మం దిగడం సరే, ఎక్కడికి పోవాలి? హైదరాబాదు వంటి నగరంలో బస్సులకూ ఆటోలకూ మధ్య సైకిలు తొక్కడం వ్యాయామం కాదు, సాహసం. అందుచేత చాలామంది కళ్ళు చెరువులమీద పడతాయి. నీటిమీదినుంచి వచ్చే చల్లగాలి, ఒకవైపైనా అడ్డం లేని ఆకాశం, నాలుగు కొంగలు; ఇంతకంటె ఏం కావాలి? అయితే చెరువు చుట్టు దారికి ఒక గుణం వున్నది, అది తెలియక బయలుదేరినవారు అవస్థ పడతారు. మామూలు రోడ్డుమీద అలిసిపోతే వెనక్కి తిరగవచ్చును, లేదా ఏదో ఒక సందులోనుంచి అడ్డదారి పట్టవచ్చును. చెరువు చుట్టూ సగం దూరం పోయాక అడ్డదారి లేదు. మధ్యలో వున్నది నీరు. ముందుకు పోయినా వెనక్కి వచ్చినా అంతే దూరం. కాబట్టి చెరువును ఎన్నుకోవలసింది అందానిబట్టి కాదు, బృందంలో అందరికంటె బలహీనులైన వారి ఊపిరినిబట్టి.

ఇంకొక సంగతి. మన చెరువులు దేవుడు పెట్టినవి కావు, మనుషులు కట్టినవి. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి వున్నది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువును గురించి చెబుతూ, మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలనూ, వుండకూడని ఆరు దోషాలనూ అందులో చెక్కించారు. కొండను ఆనుకొని, మరీ పొడవు కాకుండా గట్టిగా కట్టిన రాతికట్ట ఆ అంగాలలో ఒకటి. శాసనం చెక్కినవారికి సైకిలు సంగతి తెలియదు గాని, అందులో సైకిలు తొక్కేవారికి పనికివచ్చే రహస్యం వున్నది. కట్టమీద దారి బల్లపరుపుగా వుంటుంది. కట్ట కొండను తాకే చోట ఎక్కుడు మొదలవుతుంది. ఇక చెరువు వెనుకవైపు, శిఖం భూములున్న వైపు చూడండి: చెరువులోకి వచ్చే ప్రతి వాగునూ ఆ రోడ్డు దాటవలసిందే. వాగు దగ్గర దిగుడు, దాటాక ఎక్కుడు. ఎన్ని వాగులో అన్ని ఎక్కుళ్ళు. మొదట కట్టవైపు హాయిగా తొక్కి, "ఓస్, ఇంతేనా!" అనుకున్నవారి కాళ్ళు అసలు పరీక్షకు వచ్చేది వెనుకవైపునే.

ఎవరి బలం ఎంతో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. సైకిలు తొక్కుతూ పక్కవారితో మామూలుగా మాట్లాడగలిగితే అది మీకు తగిన వేగం. రెండు మాటలకే ఆయాసం వస్తే మించిన వేగం. నా వృత్తి తెలుగు పాఠం చెప్పడం కాబట్టి నా కొలత వేరు: చిన్న ఎక్కుడులో కందపద్యం ఒకటి అప్పగించగలిగితే చాలు, సీసపద్యం ఎత్తుకొని, కింద తేటగీతి కూడా చదివేవారు మూడవ తరగతి చెరువులకు నిరభ్యంతరంగా పోవచ్చును. హాస్యం అలా వుంచి, గుండె జబ్బు, రక్తపు పోటు వున్నవారు, చాలా ఏళ్ళుగా వొళ్ళు కదల్చనివారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. దారిలో ఛాతీమీద బరువు పెట్టినట్టయినా, ఎడమచేయి లాగినా, చల్లని చెమటలు పోసినా "గ్యాసులెండి" అని సర్దిచెప్పుకోకుండా వెంటనే దిగి, మనిషిని పిలిచి, ఆసుపత్రికి పోవాలి. మన మగవాళ్ళకు కూతురి ముందు ఆయాసం ఒప్పుకోవడం నామోషీ. ఆ నామోషీ ప్రాణంమీదికి తెస్తుంది.

మొదటి తరగతికి హుస్సేన్‌సాగర్. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు ఇది. చుట్టూ తిరిగితే సుమారు 10 కిలోమీటర్లు. దాదాపు అంతా చదును. గేర్లు లేని పాత సైకిలు కూడా చాలును. ట్యాంకుబండుమీద నన్నయ, పోతన, మొల్ల, వేమన వరసగా నిలబడి వుంటారు గనుక, అలుపు వచ్చినవారు ఫలానా కవిని పిల్లలకు పరిచయం చేసే నెపంతో పరువుగా ఆగవచ్చును. నీటిమధ్య బుద్ధవిగ్రహం వున్నది. 1990లో తీసుకుపోతున్న పడవతో సహా మునిగి, రెండేళ్ళు చెరువు అడుగున పడుకొని, 1992లో లేచి నిలబడిన బుద్ధుడాయన. నీటి వాసన గురించి ఏమీ చెప్పను. తెల్లవారుజామున అది కొంత నయం. ట్యాంకుబండు దిగి నెక్లెస్ రోడ్డు చేరేదాకా మధ్యలో వచ్చే కూడళ్ళే ఇక్కడి కష్టం. ఏడు గంటలలోపు ముగించేవారికి ఆ కష్టం తెలియదు. పిల్లలనూ, పెళ్ళయ్యాక సైకిలు ముట్టని ఇల్లాలినీ తీసుకుపోతే చుట్టంతా తిరగాలని పట్టుపట్టవద్దు. నెక్లెస్ రోడ్డుమీదనే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు రెండుసార్లు తిరిగితే చాలు. "ఏమండీ, ఇంకెంత దూరం?" అనే ప్రశ్న సగం దారికి ముందే వినిపించిందంటే, ఆ రోజుకు అక్కడే వెనక్కి తిరగాలి.

రెండవ తరగతి జంట చెరువులు. వీటి దగ్గర కొంచెంసేపు ఆగాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. వేలమంది కొట్టుకుపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బ్రతికారని చెబుతారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టివుంచాలని ఆయన చెప్పారు. అలా 1920లో మూసీమీద ఉస్మాన్‌సాగర్, అంటే మనం గండిపేట అనేదీ, 1927లో ఈసీమీద హిమాయత్‌సాగర్ తయారైనవి. ఒకటి నిజాము పేరు, మరొకటి ఆయన కొడుకు పేరు. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. వరదను ఆపడానికి పుట్టిన చెరువులు తరువాత నగరానికి మంచినీళ్ళు పోశాయి. రెండు ఏళ్ళూ దిగువన బాపూఘాటు దగ్గర కలుస్తాయి.

ఈ రెండింటి మధ్యనుంచి చేవెళ్ళ రోడ్డు పోతుంది. పోలీసు అకాడమీ కూడలినుంచి మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు వైపులా వందల మర్రిచెట్లు వుండటం దీని ప్రసిద్ధి. రోడ్డు వెడల్పు చేయ తలపెట్టినప్పుడు ఈ చెట్లకోసం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వ్యాజ్యం నడిచింది. నీడ వున్నది గదా అని మురిసిపోవద్దు. లారీలూ, ఆదివారం చిలుకూరు బాలాజీ దర్శనానికి పోయే కార్లూ వేగంగా వస్తాయి. ఎడమ అంచు పట్టి, ఒకరి వెనుక ఒకరుగా పోవాలి. అందరికంటె నెమ్మదైనవారు ముందు వుండాలి. వారి వేగమే అందరి వేగం. బలమైనవారు ముందు పోతే వెనుకబడినవారు సిగ్గుపడి శక్తికి మించి తొక్కుతారు.

నార్సింగి వైపునుంచి గండిపేట కట్టదాకా పోయి, నీళ్ళు చూసి తిరిగి రావడం రెండవ తరగతిలో తేలిక మెట్టు. చెరువంతా చుట్టాలంటే ఎటునుంచి వచ్చినా ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. ముందు చెప్పిన వాగుల లెక్క ఇక్కడ అనుభవానికి వస్తుంది. గేర్లున్న సైకిలు కావాలి. ఎక్కుడు మొదలు కాకముందే గేరు తగ్గించాలి. సగం ఎక్కాక మార్చబోతే గొలుసు కటకటలాడి నిలబెడుతుంది. గాలి సంగతి కూడా చెప్పాలి. గండిపేట నగరానికి పడమర. జూనునుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటినుంచి జోరుగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి ఏడిపించినా, అలిసిపోయి వచ్చేటప్పుడు అదే గాలి వీపుమీద చెయ్యి వేసి తోస్తుంది. చలికాలంలో గాలి తిరుగుతుంది. జోరు తక్కువే అయినా, తిరుగు ప్రయాణానికి కాస్త బలం దాచుకోవాలి. ఇక వానలు గట్టిగా పడి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు దిగువన రింగురోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డుమీదికి నీళ్ళు వచ్చి దారి మూసిన సందర్భాలు వున్నవి. గేట్లు ఎత్తిన రోజున చూడటానికి చాలామంది పోతారు. సైకిలుమీద పోయేవారు ఆ నీళ్ళలో అడుగు పెట్టకుండా వుంటే మంచిది.

వాహనాల భయం వున్నవారికి 2023 అక్టోబరులో ఒక సదుపాయం ఏర్పడింది. అవుటర్ రింగురోడ్డు వెంట సౌరఫలకాలే కప్పుగా సైకిలు బాట వేశారు. ప్రారంభించినప్పుడు దాని నిడివి 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడనుంచి పోలీసు అకాడమీదాకా 8.5, నార్సింగినుంచి కొల్లూరుదాకా 14.5. వెడల్పు 4.5 మీటర్లు. ఎండా వానా తగలవు. చెరువు అందం కూడా తగలదు, అది వేరే మాట. కాని కాళ్ళకు అభ్యాసం రావడానికి ఇంతకంటె భద్రమైన చోటు దొరకదు. ఎక్కడైనా రోడ్డుపని జరుగుతున్నదేమో కనుక్కొని బయలుదేరండి.

బయలుదేరే ముందు సీటు ఎత్తు చూసుకోవాలి. పెడలు అట్టడుగున వున్నప్పుడు మడమ దానిమీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. మనవాళ్ళు రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దింపుకుంటారు. ఇంటికి వచ్చాక మోకాళ్ళ నొప్పి అంటారు. ఆడపిల్లలు చున్నీని నడుముకు బిగించి కట్టుకోవాలి. అది వెనుక చక్రంలో చుట్టుకుంటే జరిగే ప్రమాదం చిన్నది కాదు. హెల్మెట్టు, మంచినీళ్ళు, ఒక ట్యూబు, గాలిపంపు, ఉప్పూ చక్కెరా కలిపిన మజ్జిగో నిమ్మరసమో వుండాలి.

మూడవ తరగతివారు హనుమకొండ చేరి, అక్కడినుంచి ములుగు మీదుగా పాలంపేటకు, అంటే రామప్ప చెరువుకు పోవాలి. 65 కిలోమీటర్లకు పైబడిన దారి. ఒక్కరోజులో పోయిరావాలని చూడక, రాత్రి అక్కడ వసతి ముందే కుదుర్చుకొని పోవాలి. అంత ఓపిక లేనివారు ములుగుదాకా కారులో సైకిళ్ళు వేసుకుపోయి, మిగిలిన సుమారు 20 కిలోమీటర్లే తొక్కవచ్చును. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అక్కడ వున్నది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటినుంచి గుడికి జనం పెరిగారు. చెరువుదాకా పోయేవారు మాత్రం తక్కువ. గుడి చూసి తిరిగిపోవద్దు. గుడి కట్టిన కాలంవారే కొండల నడుమ కట్ట వేసి నిలిపిన నీరు అది. ఇప్పటికీ దాని కింద పొలాలు పండుతున్నవి. సాయంకాలం కట్టమీద సైకిలు ఆనించి నిలబడితే తూము కాలువ చప్పుడు వినిపిస్తుంది. రోజంతా తొక్కిన కాళ్ళను ఆ గట్టుమీద చాచి కూర్చోవచ్చును. మరునాడు మాత్రం చీకటితోనే లేవాలి. ఎండ ఎక్కకముందే ములుగు చేరితే టిఫిను వేడిగా దొరుకుతుంది. అక్కడినుంచి హనుమకొండకు ఇంకా సగానికి పైగా దారి మిగిలివుంటుంది.