గురుదక్షిణగా గ్రామం

పెదవేగి: గురుపూర్ణిమ నాడు గురువుకు పాదపూజ చేసి దక్షిణ సమర్పించడం మన ఆనవాయితీ. ఆ దక్షిణ పదిమందికి అన్నం పెట్టేదైతే మరింత సార్థకం. దీనికి వెయ్యేళ్లనాటి నిదర్శనం వేంగీసీమలోనే ఉంది.

వేంగీ రాజ్యానికి పేరిచ్చిన పురమే నేటి పెదవేగి. ఆ రాజ్యాన్ని క్రీ.శ. 945 నుంచి 970 వరకు పాలించిన తూర్పు చాళుక్యుడు రెండవ అమ్మరాజు శైవ, జైన ధర్మసంస్థలు రెండింటికీ దానాలిచ్చాడు. చామెకాంబ అనే శ్రావకి కోరికపై, ఆమె గురువైన జైనాచార్యుడు అర్హనందికి అత్తిలినాడులోని కలుచుంబర్రు గ్రామాన్ని ధారపోశాడు. సర్వలోకాశ్రయ జినభవనంలోని అన్నసత్రం మరమ్మతులకే ఈ దానమని తామ్రశాసనం చెబుతోంది.

సర్వం త్యజించిన గురువుకు సంపదతో పనిలేదు. ఆయన నడిపే ధర్మకార్యం ఆగకుండా చూడటమే శిష్యులు చూపగల కృతజ్ఞత. చామెకాంబ చేసినది అదే.