వంట చదువు: ఎక్కడ, ఎంతకు?

విద్యార్థులారా! 'నలభీమపాకం' అనే మాట మీరు వినే ఉంటారు. భీముడు విరాటరాజు కొలువులో వలలుడనే పేరుతో వంటలు చేశాడు. నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని దగ్గర చేరాడు. ఇద్దరూ ఇల్లు విడిచి పరాయి కొలువులో ఉన్నవారే. వారు ఏ కళాశాలకూ ఫీజు కట్టలేదనుకోండి! ఈ కాలంలో పెద్ద హోటలులో వంటవాడు కాదలచిన వానికి సాధారణంగా ఒక యోగ్యతాపత్రం అడుగుతారు. దానిని ఎక్కడ సంపాదించాలి? దానికొరకు ఎంత ఖర్చు పెట్టవచ్చు?

ఐదవ ఫారం ముగించి ఎస్.పి.ఎం. పరీక్ష వ్రాసిన పిల్లలలో కొందరు "మాస్టారూ, వంట నేర్చుకోవడానికి పారిస్ వెళ్తాను" అంటారు. పారిస్ నగరంలో 1895లో మొదలైన 'లె కోర్డాన్ బ్లూ' పేరు వారికి తెలుసు. ఆ సంస్థ శాఖ మన దేశంలోనే సన్‌వేలో ఉన్నదని మాత్రం కొందరికి తెలియదు. సుబాంగ్ జయలోని టేలర్స్ సంస్థలో ఆతిథ్య విద్య, పాకవిద్య చదివి, ఫ్రాన్సులోని తూలూజ్ విశ్వవిద్యాలయం పట్టా కూడా పొందే ఏర్పాటున్నది. ఇవి ప్రైవేటు చదువులు, చవకవి కావు. అయినా ఇంటి అన్నం తింటూ చదువుకోవచ్చు గదా!

ఇంకా తక్కువ ఖర్చుతో నేర్చుకోదలచిన వారికి ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలలు ఉన్నాయి. మలాయి భాషలో వీటిని 'కొలెజ్ కొమునితి' అంటారు. వీటిలో కొన్నిచోట్ల వంట, పేస్ట్రీ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఎస్.కె.ఎం. అనే నైపుణ్య పత్రం ఒకటి నుండి మూడవ మెట్టు దాకా ఉంటుంది. నాలుగవ మెట్టు డిప్లొమా, ఐదవది ఉన్నత డిప్లొమా. నైపుణ్య శిక్షణకు పి.టి.పి.కె. సంస్థ అప్పు ఇస్తుంది. ఈ దారిని చిన్నచూపు చూడడం మన ఇళ్లలో ఉన్న ఒక పెద్ద పొరపాటు.

ఇక విదేశం మాట. నేనొకసారి ఒక విద్యార్థి తండ్రితో కూర్చొని కాగితం మీద లెక్క వేశాను. ఆయన చేతిలో రంగురంగుల పుస్తకం ఉన్నది. అందులో చదువు ఫీజు ఒక్కటే అచ్చువేశారు. గది అద్దె, విమానం టికెట్టు, వీసా, ఆరోగ్య బీమా, కత్తుల పెట్టె, తెల్లకోటు, జారని బూట్లు అన్నీ కలిపి చూచేసరికి ఫీజు మొత్తంలో సగమే అయింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఇ.పి.ఎఫ్. డబ్బు తీస్తే సరిపోతుందా మాస్టారూ?" అని అడిగారు. పిల్లల పైచదువుకు ఆ నిధి నుండి డబ్బు తీసుకొనే వీలున్నది, నిజమే. అయితే అది ముసలితనానికి దాచుకొన్న అన్నం. అందులో ఎంత తీయాలో ఆ అబ్బాయి ఎదుటనే మాట్లాడాలని నేను పట్టుబట్టాను. అప్పు తన పేర లేకపోయినా, దాని బరువు అతనికి తెలియాలి గదా!

ఒక ఉదాహరణ చూడండి. 2024 మే నుండి ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు ఒక సంవత్సరపు జీవనవ్యయం క్రింద 29,710 ఆస్ట్రేలియా డాలర్లు చూపించాలని నియమం పెట్టారు. డాలరుకు మూడు రింగిట్ల చొప్పున లెక్కిస్తే ఇది సుమారు 89 వేల రింగిట్లు. ఫీజు దీనికి వేరు.

మారకపు విలువ కూడా ఒక్కచోట నిలవదు. 1997 మధ్యలో అమెరికా డాలరు సుమారు రెండున్నర రింగిట్లు. 1998 జనవరిలో 4.88 దాకా పోయింది. ఏడాదికి 20 వేల డాలర్లు పంపే తండ్రికి 50 వేల రింగిట్ల ఖర్చు 97 వేలు దాటిందన్న మాట! ఎందరో చదువు మధ్యలో తిరిగి వచ్చారు. విదేశీ పట్టాకు మూడేళ్ల చదువూ ఇక్కడనే పూర్తి చేసే '3+0' పద్ధతిని 1998లో ప్రభుత్వం అనుమతించడానికి ఈ కష్టకాలం ఒక కారణం.

కళాశాలను పుస్తకంలో బొమ్మలు చూచి ఎన్నుకోకండి. ముందు ఆ చదువుకు ఎం.క్యు.ఎ. గుర్తింపు ఉన్నదా అని చూడండి. తరువాత స్వయంగా వెళ్లి, పొయ్యికి ఎందరు విద్యార్థులో లెక్కపెట్టండి. నలుగురు చుట్టూ నిలబడి ఒకడు గరిటె తిప్పితే మిగిలిన ముగ్గురూ డబ్బు కట్టి చూస్తున్నట్లే. సరుకుల ధర ఎవరిది? పని శిక్షణ ఎన్ని నెలలు, ఏ హోటలులో, భత్యం ఎంత? ఇవన్నీ మొగమాటం లేకుండా అడగండి.

ఇంకొక సంగతి. మన హిందూ ఇళ్లలో పెరిగిన పిల్లలలో చాలామంది గొడ్డుమాంసం ముట్టరు. పెద్ద వంటశాలలో దానిని కోయవలసి వస్తుంది, రుచి చూడమంటారు. మన దేశంలో చాలా కళాశాలల వంటశాలలు హలాల్ నియమంతో నడుస్తాయి కనుక పందిమాంసం, సారా ఉండవు. ఫ్రాన్సులో రెండూ ఉంటాయి. దీనికి మీరు సిద్ధమా అన్నది ఇంటిలో ముందుగానే తేల్చుకోండి. చేరిన తరువాత ఏడ్చి లాభం లేదు.

ఇవన్నీ చూడకముందే చేయదగిన పని ఒకటున్నది. సెలవులలో ఒక నెల, తెలిసినవారి భోజనశాలలోనో, పెళ్లివంటల మేస్త్రి దగ్గరో చేరండి. ఆ వేడిలో రోజుకు పది గంటలు నిలబడగలరో లేదో మీకే తెలుస్తుంది. మొదటి వారమంతా ఉల్లిపాయలే తరగనిస్తారు.