క్యూరింగ్ ఎన్ని రోజులు? ‘28’ అంటే దొరికిపోయినట్టే!

సివిల్ ఫ్రెషర్లకు ఇంటర్వ్యూలో తేలిగ్గా కనిపించి బోల్తా కొట్టించే ప్రశ్న ఇది. ఉద్యోగం వచ్చాక సైట్‌లో మీ భుజాన పడే తొలి బాధ్యతల్లో ఒకటీ ఇదే. పాఠ్యపుస్తకంలో ఒకట్రెండు పేరాలతో సరిపెట్టే ఈ పని గురించి తెలుసుకోవాల్సింది చాలానే ఉంది.

‘కాంక్రీట్ పోశాక ఎన్ని రోజులు క్యూరింగ్ చేయాలి?’ డిప్లొమా అయినా, బీటెక్ అయినా సైట్ ఇంజినీర్ ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు ఈ ప్రశ్న ఎదురవడం మామూలే. చాలామంది తడుముకోకుండా ‘28 రోజులండీ’ అనేస్తారు. వెంటనే రెండోది పడుతుంది: ‘ఆ 28 ఎక్కడిది బాబూ?’ అక్కడ గొంతు తడారిపోతుంది.

28 అనేది బలాన్ని కొలిచే రోజు. 150 మిల్లీమీటర్ల క్యూబ్‌లు పోసి, నీళ్లతొట్టెలో ఉంచి, 28వ రోజున యంత్రంలో పెట్టి పగలగొడతారు. ఎం25 అన్న పేరులోని 25 ఆ రోజుకు రావాల్సిన బలం. క్యూరింగ్ గడువు వేరు. ఐఎస్ 456-2000 ప్రకారం ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంట్, అంటే ఓపీసీ వాడితే కనీసం 7 రోజులు. ఎండ తీవ్రంగా ఉండి పొడిగాలి వీచేచోట 10 రోజులకు తగ్గకూడదు. ఫ్లైయాష్, స్లాగ్ లాంటివి కలిసిన సిమెంట్ అయితే కనీసం 10 రోజులు; దాన్ని 14 వరకు పొడిగించమని కూడా కోడ్ సిఫార్సు చేసింది.

చాలా సైట్లు పప్పులో కాలేసేది ఈ చివరి మాట దగ్గరే. ఇళ్ల నిర్మాణానికి ఇప్పుడు దుకాణాల్లో దొరికే బస్తాల్లో పీపీసీ చాలా ఎక్కువ. అందులో ఫ్లైయాష్ ఉంటుంది. అది మెల్లగా బలం పుంజుకునే రకం కాబట్టి ఎక్కువ రోజులు తడి కావాలి. మేస్త్రి మాత్రం ఓపీసీ రోజుల లెక్కతో ‘వారం చాల్లెండి సార్’ అంటాడు. బస్తా మీద ఏం రాసుందో చదివి కాదనాల్సింది మీరే.

ఆరితే గట్టిపడేది మట్టి

‘స్లాబ్ ఆరిందా?’ అని అడగడం మనకు అలవాటు. మట్టిగోడ ఆరితే గట్టిపడుతుంది. కాంక్రీట్ అలా కాదు. సిమెంట్ నీటితో రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది. లోపల తడి ఉన్నంతసేపే ఆ చర్య సాగుతుంది. కాంక్రీట్ రంధ్రాల్లోని తేమ 80 శాతం కంటే తగ్గితే దాదాపు ఆగిపోతుంది.

50 కిలోల బస్తాకు 0.45 నిష్పత్తిలో కలిపితే పడే నీరు 22.5 లీటర్లు. సిమెంట్‌తో రసాయనికంగా కలిసిపోయేది అందులో సుమారు సగమే. జెల్ రంధ్రాల్లో నిలిచేదాన్ని కూడా కలుపుకుంటే, వేసిన నీరు లెక్కకు సరిపోతుంది. మరి పైనుంచి మళ్లీ తడపడం దేనికి? ఇంటర్వ్యూలో మూడో ప్రశ్న ఇదే కావచ్చు. వేసిన నీరంతా అక్కడే ఉండదు, ఆవిరైపోతుంది... అదీ జవాబు. క్యూరింగ్ అంటే నీళ్లు పోయడం కంటే ముందు, ఉన్న నీళ్లు పోనివ్వకపోవడం.

ఎంత పోతుందో చూడండి. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ అంటే సుమారు 93 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం వేడిగాలికి చదరపు మీటరుకు గంటకు లీటరు చొప్పున ఆవిరైనా గంటకు 93 లీటర్లు. అంటే గంటకు ఆరు బిందెలు! ఈ వేగం దగ్గరికి వస్తోందంటేనే ముందుజాగ్రత్తలు తీసుకోవాలని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. మన కోడ్‌లలో వేడి వాతావరణంలో కాంక్రీట్ పనికి ప్రత్యేకంగా ఐఎస్ 7861 మొదటి భాగం ఉంది. వాతావరణం 40 డిగ్రీల సెల్సియస్ దాటితే అది వర్తిస్తుంది. రెంటచింతల, రామగుండం వేసవి తెలిసినవాళ్లకు ఇది ఎన్ని రోజులు వర్తిస్తుందో చెప్పనక్కర్లేదు.

మొదటి కొన్ని గంటలే కీలకం

స్లాబ్ పోయడం పూర్తవగానే సైట్‌లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. టీలు తాగుతారు. సరిగ్గా అప్పుడే పైన నెర్రెలు మొదలవుతాయి. కాంక్రీట్ పైకి తేలే నీటి కంటే ఆవిరయ్యేది ఎక్కువైతే, ఇంకా మెత్తగా ఉండగానే పైపొర ముడుచుకుని చీలుతుంది. వీటినే ప్లాస్టిక్ ష్రింకేజ్ పగుళ్లు అంటారు. పచ్చిగా ఉన్నప్పుడే గమనిస్తే మళ్లీ తాపీతో గట్టిగా రుద్ది మూసేయొచ్చు. బిగుసుకున్నాక కష్టం.

అందుకే ఎండాకాలంలో సాయంత్రం పోత మొదలుపెట్టడం, గాలివాటున పట్టాలు కట్టడం, ఫినిషింగ్ అయినంత మేర పాలిథిన్ షీట్ కప్పుకుంటూ వెళ్లడం చేస్తారు. ఈ దశలో గొట్టంతో నీళ్లు కొట్టకూడదు, పైనున్న సిమెంట్ పాలు కొట్టుకుపోతాయి. మంచులా పడే తుంపర అయితే ఫర్వాలేదు. వానాకాలంలో ఇదే పట్టా వేరే పనికి అక్కరకొస్తుంది. పచ్చి స్లాబ్ మీద జోరువాన పడితే పైపొర ఇసుక తేలి పొడిపొడిగా రాలుతుంది. పట్టాలు పోతకు ముందే సైట్‌లో ఉండాలి. మబ్బు కమ్మాక దుకాణానికి మనిషిని పంపితే లాభం లేదు.

గట్టిపడ్డాక మడులు కట్టడం మనవాళ్లకు బాగా తెలిసిన పద్ధతి. వరిమడిలాగే చిన్నచిన్న గట్లు వేసి నీళ్లు నిలబెడతారు. పైన చెప్పిన స్లాబ్ మీద అంగుళం నీళ్లు నిలవాలంటే ఒక్కసారికి దాదాపు 2,300 లీటర్లు కావాలి. రోజూ తగ్గినంత మళ్లీ నింపాలి. కాబట్టి ట్యాంకర్ లెక్క పోతకు ముందురోజే వేసుకోవాలి. నీళ్లు ఎలాంటివైనా పనికిరావు. సముద్రపు నీటితో క్యూరింగ్ వద్దని ఐఎస్ 456 స్పష్టంగా చెబుతోంది. ఆ ఉప్పు లోపలి ఇనుముకు శత్రువు. తీరప్రాంత సైట్లలో బోరు నీటిని ముందే పరీక్ష చేయించాలి.

స్లాబ్ సంగతి సరే, పిల్లర్ మాటేమిటి? దాని మీద నీళ్లు నిలవవు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పైపుతో కొట్టి ‘తడిపేశాం సార్’ అంటే అది క్యూరింగ్ కాదు. మధ్యాహ్నానికి ఎముకలా ఎండిపోతుంది. గోనెపట్టా చుట్టి, అది ఎప్పుడూ తడిగా ఉండేలా చూడాలి. పట్టా పైన పాలిథిన్ చుడితే ఇంకా మంచిది. నీటి కొరత ఉన్నచోట, ఎత్తైన గోడలకు, కాంక్రీట్ రోడ్లకు క్యూరింగ్ కాంపౌండ్ పిచికారీ చేస్తారు. పైన నీటి మెరుపు పోగానే కొట్టాలి, మర్నాడు తీరిగ్గా కాదు. ప్లాస్టరింగ్ చేయాల్సిన చోట కొడితే ఆ పొర పట్టునివ్వదు.

భారీ రాఫ్ట్ పునాదుల్లో వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ లోపల పుట్టే వేడి ఎక్కువ. పైన చన్నీళ్లు కుమ్మరిస్తే లోపలికీ పైకీ తేడా పెరిగి పగుళ్లొస్తాయి. కప్పి, వేడిని మెల్లగా దిగనివ్వాలి.

క్యూబ్ పాసైంది... స్లాబో?

క్యూబ్ 28 రోజులూ 27 డిగ్రీలకు రెండు అటూఇటూగా ఉన్న నీళ్లలో హాయిగా మునిగి ఉంటుంది. దాని అన్న లాంటి స్లాబ్ మేడ మీద ఎండలో ఉంటుంది. కాబట్టి క్యూబ్ రిపోర్టు చెప్పేది లారీలో వచ్చిన కాంక్రీట్ నాణ్యతను. మీ సైట్‌లో దాన్ని ఎలా చూసుకున్నారో అది చెప్పదు.

క్యూరింగ్ సరిగా లేకపోతే ముందు దెబ్బతినేది పైపొర. ఇనుప చువ్వలకు రక్షణగా ఉండేదీ ఆ పొరే. మామూలు పరిస్థితుల్లో స్లాబ్‌కు ఆ కవర్ 20 మిల్లీమీటర్లు. అది గుల్లబారితే గాలి, తేమ లోపలికి దిగి చువ్వలు తుప్పుపడతాయి. కొన్నేళ్లకు సీలింగ్ పెచ్చులూడి పడుతుంది. ఇల్లు కొన్నవాళ్లు అప్పుడు సిమెంట్ కంపెనీని తిడతారు. ఆ వారంలో నీళ్లు పట్టని సంగతి ఎవరికీ గుర్తుండదు.

అనుమానం వస్తే కోర్ తీసి పరీక్షిస్తారు. కోర్ల సగటు బలం ఆ గ్రేడ్‌కు రావాల్సిన దానిలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతం కంటే తగ్గకూడదు. ఈ రెండు అంకెలూ ఏఈ, ఏఈఈ, జేఈ పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లకూ పనికొస్తాయి.

సంతకం పెట్టేముందు

సెంట్రింగ్ విప్పే రోజు మీ మీద ఒత్తిడి వస్తుంది. కాంట్రాక్టర్‌కు ఆ సామాను పై అంతస్తుకు కావాలి. 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కు 7 రోజులకు, అంతకు మించితే 14 రోజులకు సపోర్టులు తీయొచ్చని కోడ్‌లో ఉంది. బీములకు 6 మీటర్ల వరకు 14, ఆపైన 21 రోజులు. ఈ అంకెలు బట్టీపట్టేవాళ్లు వాటి ముందున్న షరతులను వదిలేస్తారు. ఓపీసీ వాడాలి, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గకూడదు, క్యూరింగ్ తగినంత జరిగి ఉండాలి. పీపీసీతో పోసి మూడోరోజే నీళ్లు ఆపేసిన స్లాబ్‌కు ఈ గడువు వర్తించదు. ‘ఏం కాదు సార్, అంతటా ఇంతే’ అని ఎంతమంది అన్నా ఫైల్లో ఉండేది మీ సంతకం.

దీనికి రక్షణ మాటలతో రాదు, రిజిస్టర్‌తో వస్తుంది. పోసిన తేదీ, గ్రేడ్, సిమెంట్ రకం, క్యూరింగ్ ఎప్పటిదాకా, రోజూ ఎవరు తడిపారు... ఇవన్నీ రాసి పెట్టాలి. పిల్లర్ మీద తేదీని పెయింట్‌తో వేయించాలి. ఆదివారం, పండగరోజు ఎవరు తడుపుతారో ముందే పేరు రాసుకోవాలి. సైట్లలో క్యూరింగ్ తప్పేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. వాచ్‌మన్‌కు అప్పగించేస్తే సరిపోదు, ఆయనకు మోటారు, పైపు, పట్టాలు కూడా ఉండాలి కదా!

క్వాలిటీ కంట్రోల్ ఇంజినీర్, రెడీమిక్స్ ప్లాంట్ ల్యాబ్ టెక్నీషియన్ లాంటి ఉద్యోగాలకు వెళ్లాలనుకుంటే ఐఎస్ 456లో 11, 13, 14 క్లాజులను, ఐఎస్ 7861ను ఓసారి పూర్తిగా చదవండి. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుని కోడ్‌లను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నిర్మాణ రంగ శిక్షణకు హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. వీటికి ముందు మీ వీధిలో కడుతున్న ఇంటికి మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, అక్కడి పిల్లర్‌ను ఓసారి చేత్తో తాకి చూడండి.