గోధుమ కాండపు కుంకుమ తెగులు

గోధుమ కాండపు కుంకుమ తెగులు గోధుమ పైరుకు సోకే శిలీంధ్ర వ్యాధి. దీనిని నల్ల కుంకుమ తెగులు అని కూడా అంటారు. పక్సీనియా గ్రామినిస్ ట్రిటిసై అనే శిలీంధ్రం దీనికి కారణం. ఇది సజీవ కణజాలంపై మాత్రమే జీవించగల అవికల్ప పరాన్నజీవి. తెగులు ఎంత తీవ్రంగా వ్యాపిస్తుందనేది సిద్ధబీజాల ఉత్పత్తిపై ఆధారపడి ఉంటుంది. ఆ ఉత్పత్తిని ఉష్ణోగ్రత, తేమ, వెలుతురు నియంత్రిస్తాయి.

సిద్ధబీజాల ఉత్పత్తి

తెగులు సోకిన మొక్కల కాండంపైన, ఆకు తొడుగులపైన ఇటుక రంగు పొక్కులు ఏర్పడతాయి. ఇవి బాహ్యచర్మాన్ని చీల్చుకొని యురిడోసిద్ధబీజాలను వెలువరిస్తాయి. ఒక్కొక్క పొక్కు రోజుకు సుమారు 10,000 సిద్ధబీజాలను ఉత్పత్తి చేయగలదు. ఇవి గాలి ద్వారా వ్యాపించి మరల గోధుమకే సోకుతాయి. అందువలన ఒకే పంటకాలంలో ఈ చక్రం పలుమార్లు పునరావృతమవుతుంది.

అనుకూల పరిస్థితులు

శిలీంధ్రపు ఒక్కొక్క దశకు ఒక్కొక్క వాతావరణం అనుకూలం.

* మొలకెత్తుట: సిద్ధబీజం మొలకెత్తుటకు 15-24 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత, ఆకుపై నీటి పొర అవసరం. గాలిలో తేమ మాత్రమే ఉంటే చాలదు.
* ప్రవేశం: రాత్రి 8-12 గంటలు మంచు కురిసి, ఉదయం వెలుతురుతో పాటు వేడి క్రమంగా పెరిగితే శిలీంధ్రం పత్రరంధ్రాల ద్వారా సులభంగా లోనికి ప్రవేశిస్తుంది.
* సిద్ధబీజోత్పత్తి: సుమారు 30 డిగ్రీల వద్ద అత్యధికంగా ఉంటుంది. 15 డిగ్రీలకు దిగువన మందగిస్తుంది, 40 డిగ్రీలు దాటితే ఆగిపోతుంది.

అనుకూల పరిస్థితులలో తెగులు సోకిన 7-15 రోజులలో కొత్త పొక్కులు ఏర్పడతాయి. చలిలో ఈ వ్యవధి చాలా పెరుగుతుంది. పైరు పక్వానికి వచ్చినపుడు అవే పొక్కులలో నల్లని టీలియోసిద్ధబీజాలు ఏర్పడతాయి. నల్ల కుంకుమ తెగులు అనే పేరు వీటివలననే వచ్చింది.

భారతదేశంలో వ్యాప్తి

మైదాన ప్రాంతాల వేసవి ఎండలకు యురిడోసిద్ధబీజాలు నశిస్తాయి. అయినప్పటికీ ప్రతి సంవత్సరం తెగులు తిరిగి కనిపించుటకు కారణాన్ని ఆగ్రా కళాశాలకు చెందిన కరమ్ చంద్ మెహతా పరిశోధించాడు. చల్లని కొండ ప్రాంతాలలో శిలీంధ్రం వేసవిని దాటి, అక్కడి నుండి మైదానాలకు చేరుతుందని ఆయన వివరించాడు. కాండపు కుంకుమ తెగులుకు నీలగిరి, పళని కొండలు ముఖ్యమైన స్థావరాలు. నవంబరు మాసపు బంగాళాఖాతపు తుఫానుల వేళ వీచే గాలులు అక్కడి సిద్ధబీజాలను మధ్య భారతానికి చేరవేస్తాయి. వర్షం వాటిని పైరుపైకి దించుతుంది.

ఉత్తర భారతంలో డిసెంబరు, జనవరి మాసాల చలి వలన సిద్ధబీజోత్పత్తి మందగిస్తుంది. వేడి పెరిగేసరికి పైరు దాదాపు పక్వమవుతుంది. అందువలన ఈ తెగులు నష్టం అక్కడికంటె శీతాకాలం వెచ్చగా ఉండే మధ్య, ద్వీపకల్ప భారతంలోనే ఎక్కువ. ఆలస్యంగా విత్తిన పైరు వేడి పెరిగేనాటికి ఇంకా పచ్చిగా ఉండుట వలన ఎక్కువగా దెబ్బతింటుంది. సకాలంలో విత్తుట, తెగులును తట్టుకొనే రకాలను సాగు చేయుట ముఖ్యమైన నివారణ పద్ధతులు.